పాము గుడ్లను పొదిగించడం: పరుపు ఏది, తేమ ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండకాలంలో గడ్డివాములు విప్పేటప్పుడు, పాత ఇండ్లు కూల్చేటప్పుడు, జేసీబీతో పునాదులు తీసేటప్పుడు ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పాము గుడ్లు బయటపడుతుంటాయి. అటవీ శాఖకు తెలిపి, వాళ్ల అనుమతితో ఆ గుడ్లను కాపాడే పాముల రక్షకుల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. పరుపు అంటే పొదిగించే డబ్బాలో గుడ్ల కింద వేసేది.

గుడ్లు దొరికాయి. ఇంటికి తెచ్చుకోవచ్చా?

అనుమతి లేకుండా తేకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే సరీసృపాల గుడ్లను పాడుచేయడం, గూటిని కదపడం కూడా ఉన్నాయి. ముందు అటవీ రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేయండి.

గుడ్లు ఉన్నచోటే ఉండగలిగితే అదే అన్నిటికంటే మేలు. పొలం గట్టులోనో పుట్టలోనో బయటపడితే తీసిన మట్టినే మళ్లీ వదులుగా కప్పి, పైన గడ్డి వేసి, ఎండ, కుక్కలు తగలకుండా చూస్తే చాలు. పునాది తవ్వకం ఆగదు, గోడ కూలిపోయింది, గడ్డివాము పూర్తిగా విప్పేశారు అన్నప్పుడే గుడ్లను తీయాలి.

ఇవి ఏ పాము గుడ్లో ఎట్లా తెలుస్తుంది?

గుడ్డును చూసి కచ్చితంగా చెప్పడం కష్టం. మన దగ్గర ఎక్కువగా దొరికేవి జెర్రిపోతు, నాగుపాము, కట్లపాము, నీరుకట్టె గుడ్లు. రక్తపింజర, పూడుపాము, పసిరిక పాము గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్ని కంటాయి. కాబట్టి ఎవరైనా రక్తపింజర గుడ్లని చెబితే అవి వేరే పామువని అర్థం. బల్లి గుడ్లు చిన్నగా, గుండ్రంగా, పెళుసు పెంకుతో ఉంటాయి. పాము గుడ్డు పెంకు తోలులా మెత్తగా, పొడుగ్గా ఉంటుంది, చాలాసార్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి.

నాగుపాము, కట్లపాము, నీరుకట్టె ఆడపాములు గుడ్ల దగ్గరే కాపలా ఉండే అలవాటున్నవి. తల్లి లోపలే ఉందన్న లెక్కతోనే మట్టి తీయాలి. చేతితో కాదు, పొడుగు కర్రతో లేదా హుక్కుతో.

గుడ్లను తీసేటప్పుడు, తెచ్చేటప్పుడు ఏం జాగ్రత్త?

కదిపే ముందే ప్రతి గుడ్డు పైభాగాన మెత్తని పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. స్కెచ్ పెన్నులు, పర్మనెంట్ మార్కర్లు వద్దు, వాటిలోని ద్రావకం పెంకులోంచి లోపలికి ఇంకుతుంది. కోడి గుడ్డులో పచ్చసొనను రెండు వైపులా పట్టి ఉంచే తెల్లని తాళ్లు ఉంటాయి. పాము గుడ్డులో అవి లేవు. పిండం పైకి చేరి పెంకు లోపలి పొరకు అంటుకుని పెరుగుతుంది. గుడ్డును తిప్పేస్తే ఆ అతుకు తెగుతుంది లేదా పిండం సొన కింద నలిగిపోతుంది. గీత పైకే ఉండాలి, ఇక్కడి నుంచి పిల్ల బయటికి వచ్చేదాకా.

అంటుకున్న గుడ్లను విడదీయవద్దు. ముద్దగా ఉన్నదాన్ని ముద్దగానే తీయండి. డబ్బాలో మూడు నాలుగు వేళ్ల మందం తడి మట్టి వేసి, గుడ్లు దొర్లకుండా గుంటలు చేసి పెట్టాలి. బండి మీదైతే క్యారియర్‌కు కట్టవద్దు, వెనక కూర్చున్నవాళ్లు ఒళ్లో పట్టుకోవాలి. మే నెలలో అద్దాలు మూసి ఎండలో ఆపిన కారు లోపల వేడి కొద్ది నిమిషాల్లోనే గుడ్లను చంపేస్తుంది. దారిలో టీ కోసం ఆగినా డబ్బాను వెంట దించుకోండి.

పరుపు ఎందుకు? తడిగుడ్డలో చుట్టి పెడితే సరిపోదా?

సరిపోదు. పాము గుడ్డు పెట్టిన తర్వాత కూడా బయటి నుంచి నీరు తీసుకుంటూనే ఉంటుంది. తోలు పెంకులోంచి నీరు లోపలికి పోతుంది, గుడ్డు ఉబ్బుతుంది, బరువు పెరుగుతుంది. అదే పెంకులోంచి ప్రాణవాయువు కూడా పోవాలి. గుడ్ల కింద వేసే పరుపు ఈ రెండు పనులూ ఒకేసారి చేయాలి: నీటిని పట్టి ఉంచి కొద్దికొద్దిగా ఇవ్వాలి, రేణువుల మధ్య గాలి సందులు మిగల్చాలి. తడిగుడ్డ మొదటి రోజు పెంకును నీటి పొరతో మూసేస్తుంది, రెండో రోజుకు ఎండి గుడ్డు నుంచే నీరు లాక్కుంటుంది.

పుట్ట లోపల గానీ, మట్టిగోడ పునాదిలో గానీ తేమ, వేడి రోజంతా దాదాపు ఒకేలా ఉంటాయి. మనం డబ్బాలో తయారు చేయాల్సింది ఆ నిలకడే. బాగా తడిపితే బాగా పెరుగుతాయన్న అభిప్రాయమే ఎక్కువ గుడ్లను పాడు చేస్తుంది.

ఏ పరుపు వాడాలి?

వర్మిక్యులైట్. దొరికితే ఇంకేదీ చూడాల్సిన పని లేదు. ఇది వేడి చేసి ఉబ్బించిన అభ్రకం లాంటి ఖనిజం. బూజుకు తిండి కాదు, నీటిని పొరల మధ్య పట్టి నిదానంగా వదులుతుంది, తూచి కలపడానికి వీలుగా పొడిగా దొరుకుతుంది. నర్సరీల్లో, మిద్దెతోట సామాన్లు అమ్మేచోట అడగండి. 3 నుంచి 6 మిల్లీమీటర్ల రేణువులున్నది తీసుకోవాలి. పిండిలా ఉన్నది తడిస్తే ముద్ద కట్టి గాలి ఆడదు.

పెర్లైట్, అంటే వేడి చేసి ఉబ్బించిన తెల్లని రాతి గింజలు, కూడా మంచిదే, గాలి ఇంకా బాగా ఆడుతుంది. కానీ త్వరగా ఆరుతుంది. మన ఎండకాలానికి అది ఒక్కటే వేస్తే రోజూ కనిపెట్టుకుని ఉండాలి. వర్మిక్యులైట్‌లో మూడో వంతు కలిపితే బాగుంటుంది. పెర్లైట్ పేరుతో థర్మకోల్ గింజలు అంటగట్టేవాళ్లు ఉంటారు, ఒక గింజను వేళ్ల మధ్య నలిపి చూడండి. పెర్లైట్ పొడి అవుతుంది, థర్మకోల్ సాగి అణుగుతుంది. పొడి పెర్లైట్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, సంచిలో ఉండగానే కొద్దిగా నీళ్లు చల్లి తీయండి.

కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, అన్నిచోట్లా దొరుకుతుంది, చవక. ఇబ్బందులు మూడు. ఒకటి, కొబ్బరి పీచును ఉప్పునీటిలో నానబెట్టి తీసినదైతే ఉప్పు మిగిలి ఉంటుంది. ఉప్పున్న పరుపు తడిగా కనిపించినా గుడ్డుకు నీరు ఇవ్వదు. కడిగిన రకం అడగండి, తెచ్చాక బక్కెట్‌లో నానబెట్టి రెండుసార్లు నీళ్లు మార్చి గట్టిగా పిండండి. రెండు, అది తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టగలదు, కాబట్టి ఎక్కువ తడిపామని చూపుకు తెలియదు. మూడు, బూజు త్వరగా పడుతుంది. వాడాల్సి వస్తే సమాన పరిమాణంలో పెర్లైట్ గానీ ముతక ఇసుక గానీ కలపండి.

స్ఫాగ్నం నాచు ఖరీదు. కింద పరుపుగా కాక, ముద్దగా అంటుకున్న గుడ్ల పైవరుస మీద వదులుగా కప్పడానికి గుప్పెడు ఉంటే చాలు.

అర్ధరాత్రి గుడ్లు వచ్చి ఏదీ దొరకకపోతే వాగు ఇసుక వాడొచ్చు. జల్లించి, కడిగి, ఎండబెట్టి, కిలో పొడి ఇసుకకు 50 నుంచి 70 మిల్లీలీటర్ల నీళ్లు కలపాలి. ఇసుకలో తక్కువకు, ఎక్కువకు మధ్య తేడా చాలా చిన్నది, పొరపాటుకు చోటు లేదు. ఒకటి రెండు రోజుల్లో వర్మిక్యులైట్‌కు మార్చేయండి. రోబో ఇసుక వద్దు, అందులోని సన్నటి రాతిపొడి తడిస్తే గట్టిపడుతుంది.

గుడ్లు దొరికిన చోటి మట్టే వేస్తే సహజంగా ఉంటుంది కదా?

తేవడానికి వాడండి, పొదిగించడానికి కాదు. ఆ మట్టితో పాటు చీమలు, చెదలు, ఈగల గుడ్లు వస్తాయి. నల్లరేగడి అయితే ఇంకా చేటు: తడిస్తే జిగట ముద్ద, ఆరితే పగుళ్లు. ఎర్ర చెలక మట్టి కొంత నయం, అయినా తడి ఎంతో కొలిచే దారి లేదు.

మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఊక చవకగా దొరుకుతుంది కాబట్టి చాలామంది అడుగుతారు. ఊక నీటిని పట్టదు, పైగా తడి ఊక పులిసి వేడెక్కుతుంది. రంపపు పొట్టులో ఏ చెక్కదో తెలియని నూనెలు ఉంటాయి. పేడ, పెంటకుప్ప ఎరువులో పాములు గుడ్లు పెట్టడం నిజమే, కానీ కుప్ప బయట గాలికి ఉంటుంది. అదే ఎరువును మూతపెట్టిన డబ్బాలో వేస్తే అమ్మోనియా, వేడి రెండూ పెరిగి గుడ్లు చస్తాయి.

వర్మిక్యులైట్‌కు ఎన్ని నీళ్లు? కొలత చెప్పండి.

బరువుకు బరువు, సమానం. గ్లాసుతో కొలవకూడదు. వర్మిక్యులైట్ చాలా తేలిక, లీటరు డబ్బా నిండా పోసినా 100 గ్రాములకు అటు ఇటుగా తూగుతుంది. గ్లాసుకు గ్లాసు నీళ్లు కలిపితే పదింతలు ఎక్కువ పోసినట్టే. ఈ ఒక్క పొరపాటుతోనే మొత్తం గుడ్లు కుళ్లిపోతాయి.

పది పన్నెండు జెర్రిపోతు గుడ్లకు లెక్క ఇది. 28 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 10 లోతు ఉన్న మూత గల ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. గ్రాము తేడా చూపే వంటింటి కాటా మీద 300 గ్రాముల పొడి వర్మిక్యులైట్, 300 గ్రాముల నీళ్లు తూచండి. నీళ్లను ఒకేసారి పోయకుండా నాలుగైదు విడతలుగా పోస్తూ చేత్తో కలపండి. అరగంట మూతపెట్టి ఉంచితే నీరు సమంగా పడుతుంది. గుప్పెడు తీసి గట్టిగా పిండండి: ముద్దగా నిలవాలి, వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలకు మించి రాకూడదు. ధారగా కారితే ఇంకొంత పొడి వర్మిక్యులైట్ కలపాలి, ఎంత కలిపారో రాసుకోవాలి.

డబ్బాలో పోస్తే సుమారు 5 సెంటీమీటర్ల మందం వస్తుంది. అణచవద్దు. బొటనవేలితో గుంటలు చేసి గుడ్లను సగం మునిగేలా, గీత పైకి ఉండేలా, వేలెడు ఎడంతో పెట్టండి. పూర్తిగా పూడ్చితే కుంగినా కుళ్లినా కనపడదు. మూతకు దగ్గరగా పక్క గోడల్లో 2 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు లేక నాలుగు చాలు.

కోకోపీట్‌కు ఈ బరువు లెక్క పనికిరాదు, ఇటుకలా అచ్చు పోసి అమ్మే ఆ పొట్టులోనే ఎంత తడి ఉందో తెలియదు. దానికి పిడికిలి పరీక్షే: గట్టిగా పిండితే చుక్క రాకూడదు, అరచేయి మాత్రం తడవాలి.

బోరు నీళ్లు పోయొచ్చా?

వద్దు. మన జిల్లాల్లో చాలా బోర్ల నీళ్లలో లవణాలు ఎక్కువ. నల్గొండ ఫ్లోరైడ్ సంగతి తెలియనివాళ్లు లేరు. నీరు ఆవిరైపోతుంది, లవణం పరుపులో మిగిలిపోతుంది. కలిపిన ప్రతిసారీ ఇంకొంత పేరుకుంటుంది, చివరికి తడి పరుపు మీద కూడా గుడ్లు కుంగుతాయి. ఫిల్టర్ ప్లాంటు ఆర్‌ఓ నీళ్లు, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్, శుభ్రంగా పట్టిన వాన నీళ్లు, వీటిలో ఏదైనా సరే. భగీరథ నల్లా నీళ్లయితే వెడల్పు గిన్నెలో రాత్రంతా మూతలేకుండా ఉంచి, క్లోరిన్ పోయాక వాడండి. ఏ నీళ్లయినా గది వేడిలో ఉండాలి, ఫ్రిజ్ నీళ్లు కాదు.

హైగ్రోమీటర్ (గాలిలో తేమ కొలిచే మీటరు) ఎంత చూపించాలి?

మూత పెట్టిన డబ్బాలో 85 నుంచి 95 శాతం. అయితే ఆ అంకెను నమ్ముకుని నీళ్లు పోయకండి. సబ్‌స్ట్రేట్‌లో, అంటే పరుపులో ఉన్న నీరు వేరు, దాని పైన గాలిలో ఉన్న తేమ వేరు. పరుపు సరిగ్గా తడిసినా, బురద అయినా మూసిన డబ్బాలో గాలి తేమ దాదాపు ఒకటే చూపిస్తుంది. పైగా చవక మీటర్లు 90 దాటాక నిజం చెప్పలేవు.

మీటరు మంచిదో కాదో ఇంట్లోనే చూడొచ్చు. సీసా మూతలో ఉప్పు వేసి, తడి పిండిలా అయ్యేదాకా నాలుగు చుక్కల నీళ్లు కలపండి, ఉప్పు కరిగిపోకూడదు. దాన్ని, మీటరును గాలి చొరబడని జిప్ కవర్‌లో పెట్టి 12 గంటలు నీడలో వదిలేయండి. 75 చూపాలి. 70 చూపితే మీ మీటరు 5 తక్కువ చెబుతోందని గుర్తుంచుకోండి.

మరి నీళ్లు ఎప్పుడు కలపాలో ఎట్లా తెలుస్తుంది?

కాటాతో. గుడ్లు పెట్టి మూతపెట్టిన రోజే మొత్తం డబ్బాను తూచి, బరువును, తేదీని మూత మీద రాయండి. వారానికోసారి తూచండి. 20 గ్రాములు తగ్గితే 20 మిల్లీలీటర్ల నీరు ఆవిరైపోయిందన్నమాట. అంతే నీటిని సిరంజీతో, గుడ్లకు దూరంగా, డబ్బా అంచుల వెంట పరుపులోకి వదలండి. గుడ్ల మీద స్ప్రే కొట్టకూడదు, పెంకు మీద నీటి పొర నిలిస్తే గాలి ఆడదు.

ఒక సందేహం వస్తుంది: గుడ్లు కూడా నీరు తాగుతున్నాయి కదా, అది లెక్కలోకి రాదేం? ఆ నీరు పరుపులోంచి గుడ్లలోకి మారింది, డబ్బా దాటి పోలేదు, అందుకే మొత్తం బరువు మారదు. పరుపు మాత్రం వారాలు గడిచేకొద్దీ కొంచెం పొడిబారుతుంది. ఆ లోటును పూడ్చవద్దు. చివరి దశలో పిండానికి గాలి ఎక్కువ కావాలి, పరుపు కాస్త పొడిగా ఉండటమే మంచిది. గుడ్లు కుంగితేనే చేయి పెట్టండి.

మూత వారానికి రెండుసార్లు తీసి ఒక నిమిషం గాలి ఆడనివ్వాలి. నలభై రోజులు దాటాక రోజు విడిచి రోజు.

మూత లోపల నీటి చుక్కలు పట్టి గుడ్ల మీద పడుతున్నాయి.

పరుపు కంటే మూత చల్లగా ఉన్నందుకు అలా అవుతుంది. కూలర్ గాలి నేరుగా తగిలేచోట, ఏసీ గదిలో, కింద హీటింగ్ ప్యాడ్ పెట్టినప్పుడు ఎక్కువ. డబ్బాను ఇంకో పెద్ద థర్మకోల్ డబ్బాలో పెడితే అన్ని వైపులా వేడి సమమవుతుంది. డబ్బా కింద ఒకవైపు అట్టముక్క పెట్టి కొద్దిగా వాల్చితే చుక్కలు పక్క గోడ వెంట జారుతాయి. మూత తీసినప్పుడల్లా పొడిగుడ్డతో తుడవండి, తుడిచిన నీరు కూడా బరువులో తగ్గుతుందని మరవకండి.

మే నెలలో గదిలోనే 40 డిగ్రీలు ఉంటుంది. అప్పుడెట్లా?

ఇక్కడ పాము గుడ్లకు చలి కంటే ఎండే శత్రువు. విదేశాల వాళ్లు రాసిన సలహాలన్నీ వేడి ఎట్లా పెంచాలో చెబుతాయి, మనకు కావాల్సింది తగ్గించడం. గుడ్ల పక్కన పెట్టిన థర్మామీటర్ ప్రోబు 28 నుంచి 30 చూపాలి. 32 దాటనివ్వకండి. వేడి ఎక్కువైతే పిల్లలు వెన్ను వంకరతో పుడతాయి లేదా గుడ్డులోనే చనిపోతాయి. 26కు పడితే రోజులు ఎక్కువ పడతాయి తప్ప పెద్ద నష్టం లేదు. తప్పితే చల్లటి వైపే తప్పండి.

రేకుల షెడ్డు, మేడ మీది గది వద్దే వద్దు. కింది అంతస్తులో ఉత్తరం వైపు గది, నేల మీద మూల. మట్టిగోడల పాత ఇల్లుంటే ఇంకా మంచిది. అదీ చాలకపోతే పెద్ద మట్టి తొట్టిలో అడుగున నాలుగు వేళ్ల మందం ఇసుక పోసి, మధ్యలో చిన్న తొట్టి పెట్టి, రెండింటి మధ్య సందును ఇసుకతో నింపి, ఆ ఇసుకను ఉదయం సాయంత్రం తడపండి. గుడ్ల డబ్బా లోపలి తొట్టిలో, పైన తడి గోనెపట్టా. గాలి ఆడేచోట పెట్టాలి. కుండలో నీళ్లు చల్లబడే తీరే ఇదీ. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది: 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న గాలిలో తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 24 దరిదాపుల్లో ఉంటుంది. రోహిణి కార్తెలో ఇది బాగా ఆదుకుంటుంది. మృగశిర దాటి వానలు పట్టాక గాలిలో తేమ పెరిగి పని తగ్గుతుంది, అప్పటికి దాని అవసరమూ తగ్గుతుంది.

గడ్డకట్టిన నీళ్ల సీసాలు పెట్టేవాళ్లు గుడ్ల డబ్బాలో కాకుండా బయటి థర్మకోల్ డబ్బాలో, గుడ్డ చుట్టి పెట్టాలి. గంటలో ఎనిమిది డిగ్రీలు పడి మళ్లీ లేవడం నిలకడైన 31 కంటే చెడ్డది.

గుడ్డు కుంగిపోయింది. పోయినట్టేనా?

ఎప్పుడు కుంగిందన్నదే ముఖ్యం. మొదటి నెలలో పైన సొట్ట పడితే పరుపు పొడిగా ఉన్నట్టు. ఒక గుడ్డు దగ్గరే అయితే దాని పక్క పరుపులో 5 మిల్లీలీటర్లు వదిలి, పైన తడి నాచు కప్పండి, రెండు మూడు రోజుల్లో నిండుకుంటుంది. అన్నీ కుంగితే డబ్బా తూచి లోటంతా పూడ్చండి. యాభై రోజులు దాటాక కుంగితే కంగారు వద్దు, పిల్ల సిద్ధమవుతోంది. అప్పుడు నీళ్లు పోయడమే ప్రమాదం. పసుపు రంగుకు తిరిగి, జిడ్డుగా చెమర్చి, కుళ్లు వాసన వస్తే ఆ గుడ్డు పోయింది.

బూజు పడితే?

బతికున్న గుడ్డు మీద బూజు నిలవడం తక్కువ. చచ్చిన గుడ్డు మీద మొదలై పక్కదానికి పాకుతుంది. విడిగా ఉంటే తీసేయండి. అంటుకుని ఉంటే లాగకండి, పక్క గుడ్డు పెంకు చిరుగుతుంది. పొడి దూదితో బూజు తుడిచి, గాలి ఆడే సమయం పెంచి, నీళ్లు కలపడం ఆపండి. డెట్టాల్, ఫినాయిల్, పొలానికి కొట్టే మందులు ఏవీ వాడకూడదు.

చీమలు, ఈగలు?

డబ్బా ఉన్న బల్ల కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టండి. చీమల చాక్‌పీసు, మందు పొడులు, ఆ గదిలో దోమల కాయిల్ వద్దు. సన్న ఈగలు కుళ్లిన గుడ్డు వాసనకు వచ్చి రంధ్రాల్లోంచి దూరి గుడ్లు పెడతాయి, పురుగులు మంచి గుడ్లను కూడా తినేస్తాయి. రంధ్రాల మీద నైలాన్ బట్ట అతికించండి. దోమతెర గళ్లు వాటికి పెద్దవి.

కరెంటు పోతే?

థర్మకోల్ డబ్బా మూత తీయకుండా ఉంటే రెండు మూడు గంటలకు భయం లేదు.

గుడ్డులో ప్రాణం ఉందని ఎట్లా తెలుసుకోవాలి?

పదో రోజు తర్వాత, చీకటి గదిలో, గుడ్డును కదపకుండా పక్క నుంచి చిన్న ఎల్‌ఈడీ టార్చి ఆనించండి. గులాబీ ఎరుపు నరాలు కనిపిస్తే బతికుంది. లోపలంతా పసుపు వెలుగే, నరాలు లేకపోతే పిండం కట్టని గుడ్డు కావచ్చు, అయినా వాసన వచ్చేదాకా పారేయవద్దు. టార్చి వేడెక్కకముందే ఆపండి. ఒకసారి చూస్తే చాలు, వారం వారం చూడాల్సిన పని లేదు.

ఎన్ని రోజులకు పిల్లలు వస్తాయి? అప్పుడేం చేయాలి?

జెర్రిపోతు, కట్లపాము గుడ్లకు సుమారు 60 రోజులు. నాగుపాముకు 48 నుంచి 69. నీరుకట్టెకు వేడిని బట్టి చాలా తేడా ఉంటుంది. దొరికే నాటికి గుడ్లు ఎన్ని రోజులవో తెలియదు కాబట్టి, ముప్పయ్యో రోజు నుంచే డబ్బా మూతకు క్లిప్పులు వేసి ఉంచండి.

పిల్ల మూతి మీది గుడ్డుపన్నుతో పెంకు కోసి తల బయట పెట్టి ఒకటి రెండు రోజులు అట్లాగే ఉంటుంది. మిగిలిన సొనను ఒంట్లోకి తీసుకుంటోంది. లాగకండి, పెంకు చింపకండి, సొన సంచి తెగితే చచ్చిపోతుంది. మొదటి పిల్ల వచ్చాక మిగతావి సాధారణంగా రెండు మూడు రోజుల్లో వస్తాయి.

నాగుపాము పిల్లకు, కట్లపాము పిల్లకు పుట్టినప్పటి నుంచే విషం ఉంటుంది. చిన్నదని చేత్తో పట్టుకోవద్దు, హుక్కుతో తీసి మూత బిగించే డబ్బాలో వేయండి. కాటు పడితే 108కి ఫోన్ చేసి, యాంటీవీనమ్ ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే పోవాలి. మంత్రాలకు, ఆకుపసరుకు పోయి సమయం పోగొట్టుకోవద్దు.

పిల్లల లెక్క అటవీ శాఖకు రాసి ఇచ్చి, వాళ్లు చెప్పినచోట, గుడ్లు దొరికిన ఊరికి దగ్గరలో, సాయంత్రం చల్లబడ్డాక వదలాలి. కడుపులో సొన ఉంటుంది, వదిలేముందు ఏమీ తినిపించక్కర్లేదు. అన్నిటినీ ఒకే పొద కింద వేయకుండా గట్టు వెంట పది పదిహేను అడుగుల ఎడంతో వదలండి. వాడిన పరుపును, పెంకులను దూరంగా పాతిపెట్టి, డబ్బాను సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టండి.